ఓర్పు వేరు, నిలకడ వేరు: సర్వర్లకు తగిన నిలువ సాధనముల ఎంపిక

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని గావించిన ప్రసంగ పాఠము)



జూబిలీ సభలలో గతించిన పెద్దలను స్మరించుకొనుట, పాఠశాల సాధించిన విజయములను చెప్పుకొనుట పరిపాటి. ఆ పనిని నాకంటె సమర్థులు ఈ వేదిక మీదనే నిర్వర్తించియున్నారు. నాకు కేటాయించిన సమయములో ఒక ఆచరణాత్మకమైన విషయమును మీ ముందుంచదలచినాను. పూర్వ విద్యార్థుల సంఘమువారు జూబిలీ కానుకగా మన పాఠశాలకు ఒక సర్వరు కంప్యూటరును సమకూర్చ సంకల్పించినారు. అందులో ఎటువంటి డ్రైవులను అమర్చవలెనన్న విషయమై రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. పెద్ద సంస్థలు వాడు అత్యంత ఖరీదైన హై ఎండ్యూరెన్స్ డ్రైవులనే కొనవలెనని కొందరు, అంగడిలో దొరకు సాధారణపు డ్రైవులు చాలునని కొందరు అనుచున్నారు. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నది, ఇద్దరూ విడిచిపెట్టిన సంగతియు ఒకటున్నది. దానిని వివరించుటయే ఈ ప్రసంగ లక్ష్యము.

ముందుగా, మనము భద్రపరచదలచినది ఏమిటో చూతము. మన పాఠశాల ప్రారంభమైన నాటికి ధర్మపురి సేలం జిల్లాలోని ఒక తాలూకా. రాష్ట్రము పేరు మద్రాసు. 1965 అక్టోబరు 2వ తేదీన ధర్మపురి ప్రత్యేక జిల్లా అయినది. 1969 జనవరి 14న రాష్ట్రము తమిళనాడు అయినది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరు జిల్లాగా విడివడినది. కనుక కృష్ణగిరి వైపు గ్రామములోని ఒకే కుటుంబమువారికి తాతగారి పత్రములో సేలం జిల్లా, తండ్రిగారి పత్రములో ధర్మపురి జిల్లా, మనుమని పత్రములో కృష్ణగిరి జిల్లా కనిపించుట వింత కాదు. ఊరు మాత్రము ఒక్కటే! ఆ మూడు పత్రములను కలిపి చూపగల ఆధారము మన అడ్మిషన్ రిజిస్టరు.

ఆ రిజిస్టరులో మాతృభాష అన్న గడి ఒకటున్నది. తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ అభ్యసన చట్టమును చేసినది. ఒకటవ తరగతితో మొదలై ఏటేట పైకి ప్రాకిన ఆ నిబంధన 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. భాషాల్పసంఖ్యాక విద్యార్థుల పక్షమున వినతులు, న్యాయస్థాన వ్యాజ్యములు నడచినవి. తమిళము మనము పుట్టి పెరిగిన నేల భాష. దానిని నేర్చుట మనకు మేలే. అయితే మా యింటి భాష తెలుగు అని ఒక బిడ్డ చెప్పుకొనవలసి వచ్చినపుడు, ఆ గడిలో ఏనాడో వ్రాసిన ఒక్క మాటయే ఆ బిడ్డకు సాక్ష్యము. అట్టి రిజిస్టరుల కాగితములు ఇప్పుడు అంచులు విరిగి పొడి రాలుచున్నవి. వానిని కంప్యూటరులోనికి ఎక్కించవలెను. మరొక వైపు, పాఠశాల విద్యాశాఖవారి ఎమిస్ విధానము వచ్చిన పిమ్మట హాజరు మొదలు ఆరోగ్య వివరముల దాక ప్రతిదినము కంప్యూటరులో నమోదు చేయుచున్నాము.

ఇక్కడ రెండు విధముల వ్రాతలున్నవి. అడ్మిషన్ రిజిస్టరు ఒకసారి వ్రాసి ఏండ్ల తరబడి చదువవలసినది. హాజరు పట్టీ ప్రతిదినము వ్రాయవలసినది. మొదటిదానికి కావలసినది నిలకడ, రెండవదానికి కావలసినది ఓర్పు. ఈ రెండు గుణములు ఒక్కటేయని అనుకొనుటవలననే డ్రైవుల కొనుగోలులో పొరపాట్లు జరుగుచున్నవి.

సాలిడ్ స్టేట్ డ్రైవు పనిచేయు తీరును సంక్షేపముగా చెప్పెదను. వీనికి మూలమైన ఫ్లాష్ మెమరీని జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా కనుగొన్నారు. నేటి డ్రైవులలోని నాండ్ రకమును 1987లో లోకమునకు వెల్లడించినారు. పాత హార్డ్ డిస్కువలె ఇందులో తిరుగు పళ్ళెము లేదు. సూక్ష్మమైన అరలలో విద్యుదావేశమును బంధించి, ఆ ఆవేశపు మట్టమును బట్టి అంకెలను గుర్తింతురు. ఆవేశమును లోనికి పంపుటకు, వెలికి తీయుటకు పలుచని బంధక పొర ద్వారా బలముగా నెట్టవలెను. ప్రతి పర్యాయము ఆ పొర కొద్దికొద్దిగా దెబ్బ తినును. చదువుటవలన అరుగుదల అత్యల్పము. వ్రాసి చెరుపుటవలననే అరుగును.

ఒక అరలో ఎన్ని బిట్లు ఇమిడ్చితిమన్నదానిపై ఈ ఓర్పు ఆధారపడియుండును. ఒక్క బిట్టు దాచు ఎస్.ఎల్.సి. రకమునకు రెండు మట్టములను గుర్తించిన చాలును; అది సుమారు లక్ష పర్యాయములు వ్రాసి చెరిపినను తట్టుకొనునని లెక్క. మూడు బిట్లు దాచు టి.ఎల్.సి.లో ఎనిమిది మట్టములు, నాలుగు బిట్లు దాచు క్యూ.ఎల్.సి.లో పదునారు మట్టములు. మట్టములు దగ్గరపడిన కొలది చిన్న అరుగుదలకే ఒకటి మరొకటిగా పొరబడును. అందుచేత టి.ఎల్.సి. ఓర్పు కొన్ని వేలకు, క్యూ.ఎల్.సి. ఓర్పు సుమారు వేయికి దిగివచ్చినది.

ఇంకొక చిక్కున్నది. పిల్లవాని పలక మీద ఒక మాట తప్పయినచో ఆ మాటను మాత్రమే తుడిచి దిద్దవచ్చును. ఫ్లాష్‌లో అది కుదరదు. వ్రాయుట పుట పుటగా జరుగును గాని, చెరుపుట మాత్రము అనేక పుటలున్న ఒక పెద్ద దిమ్మనంతటిని కలిపి చేయవలసినదే. కనుక డ్రైవు లోపలి నియంత్రకము పనికివచ్చు పుటలను వేరొక చోటికి తరలించి, పిమ్మట దిమ్మను చెరుపును. మనము వ్రాయుమన్నది ఒకటైతే లోపల జరుగు వ్రాత ఒకటిన్నరో, మూడో, ఇంకను ఎక్కువో అగును. చిన్న చిన్న ముక్కలుగా, చెదరుమదురుగా వ్రాయు డేటాబేసు పనులలో ఈ గుణకారము ఎక్కువ. పెద్ద దస్త్రములను వరుసగా వ్రాయునపుడు తక్కువ. ఈ తరలింపులకు డ్రైవు లోపల ఖాళీ జాగా ఎంత విడిచిన అంత మేలు. ఒకే పరిమాణపు చిప్పులతో చేసిన డ్రైవును 960 జీబీగాను, 800 జీబీగాను అమ్ముటకు కారణమిదే. తక్కువ చూపిన డ్రైవులో మిగిలిన జాగా వృథా కాలేదు. అది ఓర్పుగా మారినది.

ఇక కొనువారు చూడవలసిన అంకెలు. మొదటిది డి.డబ్ల్యు.పి.డి.; అనగా హామీ కాలమంతయు, సాధారణముగా 5 సంవత్సరములు, దినమునకు ఎన్ని పర్యాయములు డ్రైవును పూర్తిగా నింపి వ్రాయవచ్చునన్నది. రెండవది టి.బి.డబ్ల్యు.; అనగా జీవితకాలములో మొత్తము ఎన్ని టెరాబైట్లు వ్రాయవచ్చునన్నది. చదువుటకు ప్రాధాన్యమున్న సర్వరు డ్రైవులకు మొదటి అంకె 1 గాని అంతకు తక్కువ గాని, మిశ్రమ ఉపయోగమునకు సుమారు 3, వ్రాతకే ఉద్దేశించినవానికి 10 లేక అంతకు మించి యుండును. ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015లో ప్రకటించిన త్రీడీ క్రాస్‌పాయింట్ అను వేరు జాతి మెమరీతో చేసిన ఆప్టేన్ డ్రైవులలో ఈ అంకె 100 వరకు వెళ్ళినది. అయినను వ్యాపారము గిట్టక, ఆ విభాగమును ముగించుచున్నట్లు ఇంటెల్ 2022లో ప్రకటించినది. ఉత్తమ ఓర్పు గల వస్తువు అంగడిలో ఎల్లకాలము దొరకునన్న భరోసా లేదనుటకు ఇది నిదర్శనము.

మన ఎనిమిదవ తరగతి పిల్లలు చేయగల లెక్క ఒకటి చూతము. 5 సంవత్సరములకు 1,825 దినములు. 960 జీబీ డ్రైవుకు దినమునకు ఒక పర్యాయము చొప్పున 1,752 టెరాబైట్లు. 800 జీబీ డ్రైవుకు దినమునకు 3 పర్యాయముల చొప్పున 4,380 టెరాబైట్లు. 3,840 జీబీ డ్రైవుకు దినమునకు ఒకే ఒక పర్యాయము చొప్పున 7,008 టెరాబైట్లు. గమనించినారా? 3 అన్న అంకె గల చిన్న డ్రైవుకంటె 1 అన్న అంకె గల పెద్ద డ్రైవే ఎక్కువ వ్రాతకు ఓర్చుచున్నది. కనుక డి.డబ్ల్యు.పి.డి.ని మాత్రమే చూచి కొనరాదు. దానిని సామర్థ్యముతో హెచ్చించి చూడవలెను. ఇంటి కంప్యూటరులలో వాడు 1 టెరాబైటు డ్రైవులకు తరచుగా 600 టెరాబైట్ల హామీ యుండును. దినపు లెక్కకు అది పర్యాయములో మూడవ వంతు మాత్రమే.

అవసరమును కొలుచుట ఎట్లు? ఊహించుట కాదు, కొలిచి చూడవలెను. ఎన్.వి.ఎమ్.ఇ. డ్రైవులు తాము ఇంతవరకు ఎంత వ్రాసినదియు, తమ ఓర్పులో నూటికి ఎంత ఖర్చయినదియు తామే లెక్క పెట్టుకొనును. ఇప్పుడున్న యంత్రములో ఆ అంకెను ఒక నెల మొదటను, చివరను గుర్తించి తీసివేసినచో దినసరి వ్రాత తెలియును. నెలాఖరు జమాఖర్చులు, పరీక్షా ఫలితములు వంటి రద్దీ దినములు ఆ నెలలో ఉండునట్లు చూచుకొనవలెను. మన ఊరి పట్టుగూళ్ళ వ్యాపారులు గాని, కృష్ణగిరి మామిడి గుజ్జు మిల్లులవారు గాని సీజను కాలమును విడిచి లెక్కించినచో ఆ లెక్క వారిని ముంచును. ఉదాహరణకు ఒక సంస్థ సర్వరు దినమునకు 1.2 టెరాబైట్లు వ్రాయుచున్నదనుకొందము. రాబోవు పెరుగుదలకు సగము కలిపిన 1.8. అపుడు 960 జీబీ, ఒక పర్యాయపు డ్రైవు చాలదు. 960 జీబీలోనే 3 పర్యాయములది గాని, 3,840 జీబీలో ఒక పర్యాయముది గాని చాలును. ధరలు విచారించి ఏది చవకయో అది కొనవచ్చును.

తెలుగు నేల మీది ఉదాహరణ ఒకటి చెప్పెదను. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖవారు కార్డ్ అను పథకముతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయములను కంప్యూటరీకరించినారు. అంతకు పూర్వము దస్తావేజులను పెద్ద పుస్తకములలోనికి చేతితో ఎత్తి వ్రాసెడివారు. ఆ నాటి సర్వర్లలో ఉన్నవి అయస్కాంత డిస్కులే. అయినను ఆ కార్యాలయములోని పనిని చూడుడు. క్రొత్త దస్తావేజును నమోదు చేయుట వ్రాత; ఈ.సీ. కోరినవారికి వెనుకటి ఏండ్ల లావాదేవీలను వెదకి ఇచ్చుట చదువు. ఒకే కార్యాలయములో రెండును కలిసియున్నవి. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చినది, 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పోర్టలు పేరు మారవచ్చును, చట్టము మారవచ్చును, యంత్రములు ఎన్నియో పర్యాయములు మారును; రైతు పేరు, సర్వే నంబరు మాత్రము చెదరరాదు. నేడు హైదరాబాదు డేటా కేంద్రములకు పెద్ద స్థావరము. అమెజాన్‌వారి క్లౌడ్ ప్రాంతము అక్కడ 2022 నవంబరులో ఆరంభమైనది. అట్టి చోట్ల పనినిబట్టి డ్రైవులను వేరు చేసి అమర్చుటయే పద్ధతి. లావాదేవీల చిట్టాకు ఒక రకము, పాత దస్త్రములకు మరొక రకము.

ఓర్పు అంకెతో పాటు చూడవలసినవి మరి కొన్ని ఉన్నవి. మొదటిది కరెంటు పోయినపుడు రక్షణ. 2012 నాటి కరెంటు కోతలను ఈ సభలోనివారెవరును మరచియుండరు. డ్రైవు తన లోపలి తాత్కాలిక మెమరీలో నున్న వ్రాతను శాశ్వత స్థానమునకు చేర్చులోపల కరెంటు పోయినచో ఆ వ్రాత పోవును. ఒక్కొక్కప్పుడు దేనిని ఎక్కడ ఉంచినదో చెప్పు సూచికయే చెడును. సర్వరు తరగతి డ్రైవులలో చిన్న కెపాసిటర్లుండును. ఆ చివరి వ్రాతను ముగించుటకు చాలినంత విద్యుత్తును అవి క్షణకాలము సమకూర్చును. ఇంటి డ్రైవులలో అధిక భాగమునకు ఈ ఏర్పాటు లేదు.

రెండవది తప్పుల రేటు. జెడెక్ అను ప్రమాణముల సంస్థ నియమము ప్రకారము సర్వరు డ్రైవులో సరిదిద్దరాని తప్పు 100 కోట్ల కోట్ల బిట్లు చదివినపుడు ఒకటికి మించరాదు. ఇంటి డ్రైవులకు అంతకు పది రెట్లు అనుమతింతురు.

మూడవది ఫర్మ్‌వేరు. 2019 నవంబరులో హెచ్.పి. ఎంటర్‌ప్రైజ్ సంస్థ ఒక హెచ్చరిక వెలువరించినది. తాము అమ్మిన కొన్ని డ్రైవులు సరిగా 32,768 గంటలు, అనగా 3 సంవత్సరముల 270 దినముల 8 గంటలు నడచిన పిమ్మట పూర్తిగా నిలిచిపోవునని, లోపలి సాఫ్ట్‌వేరును వెంటనే మార్చుకొనుడని దాని సారాంశము. ఒకేనాడు అమర్చిన డ్రైవులు ఒకే గంటలో ఆగిపోయినచో జంటగా పెట్టిన రెండవ డ్రైవు ఏమి కాపాడగలదు? అరుగుదలతో దీనికి సంబంధమే లేదు. కనుక జంట డ్రైవులను ఒకే పెట్టెలోనివి కాక వేర్వేరు తయారీలవి కొనుట, ఫర్మ్‌వేరు ప్రకటనలను గమనించుట అవసరము. టొరంటో విశ్వవిద్యాలయము, గూగుల్ పరిశోధకులు కలిసి 2016లో ప్రకటించిన పరిశీలనలో కూడ, ఖరీదైన ఎస్.ఎల్.సి. డ్రైవులు మొత్తము మీద చవకరకపు వానికంటె ఎక్కువ నమ్మదగినవిగా తేలలేదు. ధర ఒక్కటే భద్రత కాదని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన నిలకడ విషయమునకు వత్తును. ఇరువురును విడిచిపెట్టిన సంగతి ఇదియే. జెడెక్ ప్రమాణము ప్రకారము, తన ఓర్పునంతటిని ఖర్చు చేసిన సర్వరు డ్రైవు కరెంటు లేకుండ 40 డిగ్రీల వేడిలో 3 నెలలు సమాచారమును నిలుపగలిగిన చాలును. ఇంటి డ్రైవు మాత్రము 30 డిగ్రీలలో ఒక సంవత్సరము నిలుపవలెను. చూచినారా! పదే పదే వ్రాతకు ఓర్చుటకై చేసిన ఖరీదైన డ్రైవునకు, బీరువాలో ఊరక పడియుండి గుర్తుంచుకొను బాధ్యత తక్కువగానే విధించినారు. క్రొత్త డ్రైవు ఇంతకంటె చాల ఎక్కువ కాలము నిలుపుననుట నిజమే. అయినను వేడిలో ఆవేశము త్వరగా కారిపోవును. మన వేసవిలో మూసిన బీరువా ఎట్లుండునో మీకు తెలియును. అందుచేత ఎంత ఖరీదైన సాలిడ్ స్టేట్ డ్రైవైనను రిజిస్టరులను దాచిపెట్టు పెట్టెగా పనికిరాదు.

నిలకడ వస్తువులో కంటె మనుష్యుల అలవాటులో ఎక్కువగా ఉన్నది. మన జిల్లాలోని వీరగల్లులు వందల యేండ్లు నిలిచినవి, నిజమే. కాని రాతి మీద వ్రాయగలిగినది నాలుగు పంక్తులు. తాటియాకు గ్రంథములు పురుగు తినక ముందే మరొక ఆకు మీదికి ఎత్తి వ్రాయుటవలన మన కావ్యములు మనకు దక్కినవి. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి చేయించినది ఆ పనియే: ప్రతులను సేకరించుట, పోల్చి చూచుట, మరల వ్రాయించుట. కంప్యూటరు కాలములోను సూత్రము మారలేదు. ప్రతులు మూడుండవలెను, అవి రెండు వేర్వేరు రకముల సాధనములపై ఉండవలెను, ఒకటి వేరొక ఊరిలో ఉండవలెను, కొన్ని యేండ్లకొకసారి క్రొత్త సాధనమునకు ఎక్కించి పాతదానితో సరిచూడవలెను.

ఇక మన పాఠశాల సంగతి. ఆరువందల మంది పిల్లలున్నారనుకొని దినమునకు రెండు పూటల హాజరు, మార్కులు, ఛాయాచిత్రములు అన్నియు కలిపి ఉదారముగా దినమునకు 1 జీబీ వ్రాయుదుమనుకొందము. 480 జీబీ సామర్థ్యము గల, దినమునకు ఒక పర్యాయపు డ్రైవు దినమునకు 480 జీబీ వ్రాతకు ఓర్చును. మనము వాడునది నూటికి పావు వంతు కూడ కాదు. కనుక మనకు 3 గాని, 10 గాని అవసరము లేదు. అందుకని ఇంటి డ్రైవును పెట్టుటయు తగదు. కరెంటు పోయినపుడు రక్షణ మనకు తప్పనిసరి.

నా సూచన ఇది. కెపాసిటర్ల రక్షణ గల, 5 సంవత్సరముల హామీ గల, చదువుటకు ఉద్దేశించిన సర్వరు తరగతి డ్రైవులు రెండు, వేర్వేరు తయారీలవి, జంటగా అమర్చవలెను. యూ.పి.ఎస్. ఒకటి ఉండవలెను. మిగిలిన సొమ్ముతో రిజిస్టరులను పుట పుటగా స్కాను చేయించి, తెలుగు తెలిసినవారిచే పేర్లు, ఊళ్ళు, మాతృభాష గడులు సరిచూపించవలెను. ఆ దస్త్రములకు హార్డ్ డిస్కుపై ఒక ప్రతి పాఠశాలలోను, మరొక ప్రతి వేరొక ఊరిలోను ఉంచవలెను. ప్రతి జూన్ నెలలో పాఠశాల తెరచిన వారములో ఆ ప్రతులను తెరచి చదివి చూడవలెను. కాగితపు రిజిస్టరులను మాత్రము పారవేయరాదు.

హోసూరులోను, బెంగుళూరులోను కంప్యూటరు సంస్థలలో పనిచేయుచున్న మన పూర్వ విద్యార్థులు ఈ లెక్కలను నాకంటె బాగుగా ఎరుగుదురు. వారి నుండి నేను కోరునది సొమ్ముకంటె ఎక్కువయినది: ఏటికొక ఆదివారము. జూన్ నెలలో ఆ సరిచూచు పనికి ఇద్దరు వచ్చిన చాలును. తలిదండ్రులు తమ యింట నున్న పాత టి.సి.లను, మార్కుల పత్రములను తెచ్చి, మన రిజిస్టరులో చెదలు తిన్న పంక్తులను పూరించుటకు సహకరింప ప్రార్థన. ఈ దినము సభ ముగిసిన పిమ్మట కార్యాలయపు గదిలో ఒక పుస్తకము తెరచియుంచబడును. ఆ రెండు పనులకు ముందుకు వచ్చువారు అందులో తమ పేర్లను వ్రాయగోరుచున్నాను.